మా అత్త జాలిపడలేదు

నాకు పక్షవాతం వచ్చిన ఏడాది నన్ను చూడటానికి వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి నాకు చెవులున్నాయన్న సంగతి గుర్తులేదు. మాట పోయింది కాబట్టి వినికిడీ పోయి ఉంటుందని, వినికిడి పోయింది కాబట్టి బుద్ధీ పోయి ఉంటుందని వాళ్ళు అనుకున్నట్టుంది. మంచం పక్కన నిలబడి నా మొహం మీదుగా మా ఆయనతో మాట్లాడేవాళ్ళు. ఎట్లాంటి మనిషి ఎట్లైపోయింది అనేవాళ్ళు. కొందరు ఇంకొంచెం ధైర్యం చేసి, ఇట్లా పడి ఉండేకంటే దేవుడు తొందరగా తీసుకుపోతే మేలు కదా అని, నా దిండు సర్దుతూ అనేవాళ్ళు. వాళ్ళు తెచ్చిన బ్రెడ్డు, బత్తాయిపండ్లు నేను మింగలేను. వాటిని వాళ్ళ పిల్లలే తిని, పెద్దలు కాఫీ తాగి, కండ్లు తుడుచుకుని పోయేవాళ్ళు.

ఇప్పుడు నేను మాట్లాడగలను. కొన్ని మాటలు దొరక్క తడుముకుంటాను, మనుషుల పేర్లు తారుమారు చేస్తాను, అయినా మాట్లాడతాను. ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాను. ఎవరింట్లోనైనా ఒక మనిషి ఇట్లా పడిపోతే వాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఆ వచ్చినవాళ్ళను తలచుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఒళ్ళు మండుతుంది. రాయడానికి అది కూడా ఒక కారణమే, దాచడం దేనికి.

1998, ధర్మవరం

మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. మూడు మగ్గాలుండేవి. మగ్గం మీద కూర్చునేది మా ఆయన శంకరప్ప, కూలికి వచ్చే ఇద్దరు నేతగాళ్ళు. మిగతాదంతా నేను. పట్టు తేవడం, రంగులు చెప్పడం, షావుకారుతో బేరమాడటం, నేత తప్పితే నేతగాణ్ణి నిలదీయడం, అన్నీ నా నోటితో నడిచేవి. ఆ నోటికి వీధిలో మంచి పేరేమీ లేదు. మా ఆయనకు అసలు నోరే లేదు. దేవుడు ఆయన వాటా కూడా నాకే ఇచ్చాడని మా అత్త అంజినమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

మా అత్తకూ నాకూ పెళ్ళైనప్పటి నుంచి పడదు. ఆమె పుట్టిల్లు మడకశిర. కోపం తక్కువగా ఉంటే తెలుగులో, ఎక్కువైతే కన్నడంలో తిట్టేది. మాకు పిల్లలు లేరు. కొన్నేళ్ళు చూసి, కొడుక్కి ఇంకో పెళ్ళి చేస్తానని ఆమె నా ముందే అన్నది. చేసుకోండి, అయితే ఆ వచ్చేదానికి షావుకారుతో మాట్లాడే నోరుందో లేదో ముందు చూసుకోండి అని నేనన్నాను. పెళ్ళి మాట అక్కడితో ఆగింది, పోట్లాట ఆగలేదు. పులుసులో ఉప్పు గురించి, బట్టలారేసే తీగ గురించి, పొద్దున ఎవరు ముందు నీళ్ళు పోసుకోవాలన్న దాని గురించి, ప్రతిదానికీ పోట్లాడుకునేవాళ్ళం.

నాకప్పుడు నలభై దాటాయి. తలనొప్పి వచ్చేది, కండ్ల ముందు మెరుపులు మెరిసినట్టుండేది. బీపీ ఉందని డాక్టరు మాత్రలిచ్చాడు. తలనొప్పి తగ్గిందని మానేశాను. చదివేవాళ్ళు ఆ పని చేయకండి.

అది శివరాత్రికి ముందు వారం. షావుకారు గుమాస్తా పొద్దున్నే వచ్చి, కొంగు మీద మరక ఉందని ఒక చీర వెనక్కి ఇవ్వబోయాడు. ఆ మరక మీ అంగట్లోనే పడింది అని చెప్పబోయాను. నోట్లో నుంచి "అద్ది అద్ది" అని వచ్చింది. మళ్ళీ ప్రయత్నించాను. మళ్ళీ అదే. చేతిలోని చీర జారిపోయింది, జారిపోయినట్టు చేతికి తెలియలేదు. కుడికాలి కింద నేల లేనట్టైంది. గుమాస్తా గబుక్కున ముందుకు వంగాడు. నన్ను పట్టుకుంటాడనుకున్నాను. వాడు చీరను పట్టుకున్నాడు.

ఊళ్ళో డాక్టరు చూసి పక్షవాతం అన్నాడు. సెలైన్ పెట్టించి మా ఆయన్ను ప్రశ్నలడిగాడు. మూత్రమొస్తే చెబుతుందా, మనుషుల్ని గుర్తుపడుతుందా అని. నేను ఆయన ముందే కండ్లు తెరుచుకుని ఉన్నాను. నన్నే అడిగి ఉంటే తల ఊపేదాన్ని. మా ఆయన ఏడుస్తూ, తెలియదు సార్ అన్నాడు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి, నేను తనను గుర్తుపడుతున్నానో లేదో తెలియదట. ఆ ఏడుపు చూసి నాకు అసహ్యమేసింది.

భయం లేదని కాదు. ఆ డాక్టరు ఆస్పత్రిలోనే ఒకరోజు మధ్యాహ్నం నిద్రలేస్తే నా పక్కలో ఎవరిదో చెయ్యి ఉంది. బరువుగా, చల్లగా ఉంది. ఎవరో మంచం మీద చెయ్యి పెట్టి మరిచిపోయారనుకుని ఎడమచేత్తో తోశాను. అది నా భుజంతో పాటు కదిలింది. అది నా చెయ్యే అని తెలిసినప్పుడు కలిగిన భయం చెప్పడానికి ఇప్పుడు కూడా నాకు మాట దొరకడం లేదు. అరిచాను. "అద్ది అద్ది" అని వచ్చింది. పక్క మంచం ఆమెను చూడటానికి వచ్చినవాళ్ళు నవ్వారు.

పెనుకొండ దగ్గర

మా తమ్ముడు గోపాల్‌కు హిందూపురంలో ఎరువుల అంగడి ఉంది. ఎరువులు అమ్మేవాడికి మనిషి శరీరం గురించి ఏం తెలుసని అడగకూడదు. వాడికి అన్నీ తెలుసు. పెనుకొండ దగ్గర ఒక పల్లెలో పక్షవాతానికి మందిచ్చే ఆయన ఉన్నాడని, మోసుకొచ్చినవాళ్ళు నడిచిపోతారని, ఇంగ్లీషు మందులతో దీనికి ఏమీ కాదని చెప్పాడు. మా అత్త ఒక్కటే అడిగింది, నీళ్ళు కూడా మింగలేనిదానికి మందు ఎట్లా పోస్తారని. ముసలామె మాట ఎవరు వింటారు. ఆమెను మగ్గాల దగ్గర వదిలి, జీపులో వెనక సీటు మీద నన్ను మూటలాగా పడుకోబెట్టి తీసుకుపోయారు.

అక్కడ రేకుల పంచ కింద చాపలు పరిచి వరసగా మమ్మల్ని పడుకోబెట్టారు. అందరం ఒక పక్క పడిపోయినవాళ్ళమే. ప్రతి చాప చుట్టూ కాళ్ళూ చేతులూ బాగున్న బంధువులు కూర్చుని, తమ రోగిది ఎంత పెద్ద రోగమో పక్కవాళ్ళకు గొప్పగా చెప్పుకుంటున్నారు. నా పక్క చాప మీద తనకల్లు వైపు నుంచి వచ్చిన ఒక ముసలి రైతు ఉన్నాడు. ఆయన కొడుకు, మా నాయనకు ఏం తెలియదు, పసిపిల్లోడి మాదిరి అయిపోయినాడు అని మా తమ్ముడితో చెబుతున్నాడు. ఆ పెద్దాయన కండ్లూ నా కండ్లూ కలిశాయి. ఆయన కొడుకు వైపు ఒకసారి చూసి, మళ్ళీ నా వైపు చూసి, బాగున్న ఒక్క పక్క పెదవితో నవ్వాడు. నేనూ ఉన్న పెదవితో నవ్వాను. ఆ నెల మొత్తంలో నాతో తెలివిగా మాట్లాడిన మనిషి ఆయనొక్కడే.

మందిచ్చే ఆయన పావురాన్ని కోసి ఆ వెచ్చటి రక్తం నా కుడిపక్కంతా పూశాడు. తర్వాత ఆకు పసరు. వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, గిన్నెతో నోట్లో పోశారు. అది పోవలసిన దారిలో పోలేదు. ఊపిరి ఆడలేదు, కండ్లు బైర్లు కమ్మాయి, దగ్గి దగ్గి రొమ్ము పగిలిపోతుందనుకున్నాను. విషం కదులుతాంది, మంచిదే అన్నాడు ఆయన. మా తమ్ముడు బుద్ధిమంతుడిలాగా తల ఊపాడు. మర్నాడు మళ్ళీ పోశారు. అన్ని రోజులూ ఎట్లా పడుకోబెట్టినదాన్ని అట్లాగే ఉంచారు. ఒళ్ళు కాలిపోతూ, గొంతులో గురక పెడుతూ ఉంటే అప్పుడు వాళ్ళకు ఇంగ్లీషు మందులు గుర్తొచ్చాయి.

హిందూపురం

హిందూపురం ఆస్పత్రిలో ఊపిరితిత్తుల్లో చీము చేరిందన్నారు. ముక్కులో ట్యూబు వేశారు. నడుము కింద పుండు పడిందని అక్కడే తెలిసింది. ఆ వార్డు సిస్టర్ పేరు మార్తమ్మ. ఎప్పుడూ చిరాగ్గా ఉండే మనిషి. మమ్మల్ని చూడగానే, పడుకోబెట్టి ఎవరు పోసినారు నోట్లో అని అడిగింది. మా తమ్ముడు వెంటనే మా ఆయన వైపు చూశాడు. మా ఆయన నేల వైపు చూశాడు. నాకు నోరుంటే ఆ రోజు ఆ వార్డులో ఏమయ్యేదో.

రెండో రోజు మా అత్త ధర్మవరం నుంచి ప్యాసింజర్ రైల్లో ఒక్కతే వచ్చింది. గుడ్డసంచి చంకన పెట్టుకుని మంచం కాళ్ళ దగ్గర నిలబడింది. నా గోళ్ళలో ఎండిన పావురం రక్తం, అట్టకట్టిన తల, ముక్కులో ట్యూబు, అన్నీ చూసింది. వార్డులో ఉన్న ఆడవాళ్ళంతా ఆమె ఏడుపు కోసం ఎదురుచూస్తున్నారు. మా ఆయన అప్పటికే మొదలుపెట్టాడు.

"ఏమే, ఇంట్లో పనంతా నా నెత్తిన ఏసి ఈడొచ్చి పండుకున్నావా?" అంది.

మా తమ్ముడికి కోపమొచ్చింది. నాకింకా ఎక్కువొచ్చింది. ఎడమచేయి మంచం మీద కొట్టి, ఉన్న బలమంతా పెట్టి "అద్ది, అద్ది, అద్ది" అన్నాను. మా అత్త నా మొహంలోకి వంగి కొంచెంసేపు చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"ఏడవద్దురా. మనిషి లోపలే ఉండాది. నోరే లేదు."

ఆ మాట చెప్పడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు. నా మొహంలోకి ఒకసారి చూస్తే చాలు. అంతకుముందు చూసినవాళ్ళెవరూ లేరు.

మార్తమ్మ సిస్టర్‌కూ మా అత్తకూ మొదటి రోజే పడలేదు. కొన్ని గంటలకొకసారి పక్కకు తిప్పాలని, మోకాళ్ళ మధ్య, చచ్చుబడిన చేయి కింద దిండు పెట్టాలని, ఆ చేయి పట్టుకుని ఎప్పుడూ లాగకూడదని, లాగితే భుజం జారిపోతుందని సిస్టర్ చేసి చూపించింది. ట్యూబు తీసేశాక, నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి వంచి, చిక్కటి గంజి చిన్న చెంచాతో బాగున్న పక్క బుగ్గలో పెట్టమంది. మింగిందాకా ఆగి రెండో చెంచా పెట్టమంది. తిన్న వెంటనే పడుకోబెట్టద్దంది. మా అత్త చేతులు కట్టుకుని చూసింది. సిస్టర్ అటు పోగానే, మనుషుల్ని మూటలు దొర్లించినట్ల దొర్లిస్తాంది ఈమె అని నాతో అంది. మర్నాటి నుంచి అన్నీ సిస్టర్ చెప్పినట్టే చేసింది. ఒక్క మెచ్చుకోలు మాట మాత్రం ఆమె నోట్లో నుంచి రాలేదు. డిశ్చార్జి రోజు మార్తమ్మ నా పుండు చూసి, ముసలామె బాగానే కడిగిందే అని అంతే అయిష్టంగా అంది. ఆ ఇద్దరూ ఒకరినొకరు మెచ్చుకోవడం అంటే అదే.

ఆ ఎండాకాలం

ఇంటికొచ్చాక మగ్గాలున్న గదిలోనే నా మంచం వేశారు. నేతగాళ్ళు టీకి లేచినప్పుడల్లా మా అత్త నన్ను పక్కకు తిప్పేది. ఆ వేళలకు ఆమె నన్ను మరిచిపోవడం నేను చూడలేదు. తిప్పుతూ తిట్టేది. ఏం తిని ఇంత బరువు పెంచినావే అనేది. ఒళ్ళు తుడుస్తూ తిట్టేది, తల దువ్వుతూ తిట్టేది. కింద శుభ్రం చేసేటప్పుడు మాత్రం ఏమీ అనేది కాదు. తలుపేసి, గోడ వైపు చూస్తూ, గబగబా పని ముగించేది. సిగ్గుతో నేను చచ్చిపోతున్నానని ఆమెకు తెలుసు. ఆ ఒక్క సమయంలోనే ఆమె నోరు మూసుకున్నది.

చూడవచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఎవరైనా ఆమెను, ఎట్లుందమ్మా నీ కోడలు అని అడిగితే, "దాన్నే అడుగు. ఈడే ఉండాది కదా," అనేది. అప్పుడు వాళ్ళు నా వైపు తిరిగి, పసిబిడ్డతో మాట్లాడినట్టు గొంతు సాగదీసి, బువ్వ తిన్నావా అమ్మా అని అడిగేవాళ్ళు. నలభై దాటిన మనిషిని, మూడు మగ్గాలు నడిపినదాన్ని. వాళ్ళ చెంప పగలగొట్టడానికి నాకు కుడిచేయి లేదు. ఉన్న చేయితో మొహం మీద దుప్పటి కప్పుకునేదాన్ని.

ఆ ఎండాకాలంలోనే మా ఆయన చిన్నమ్మ వచ్చింది. నా మంచానికి రెండు మూరల దూరంలో కూర్చుని, వక్క కొరుకుతూ, సంగతి విప్పింది. ఇది ఇంక లేచేది కాదు. దీన్ని హిందూపురంలో తమ్ముడింటికి పంపండి. శంకరప్పకు ఏం వయసైపోయిందని, ఇల్లు చూసుకునే ఆడమనిషి కావాల. నా ఎరుకలో ఒకామె ఉండాది. బిడ్డలు కూడా అయితారేమో, ఎవరు చూసినారు. ఇదంతా చెబుతూ ఒకసారి చెయ్యి చాపి నా దుప్పటి కూడా సర్దింది.

మా ఆయన మగ్గం కింద కాళ్ళు దించుకునే గుంతలోనే ఉన్నాడు. నేత ఆపాడు. ఆయన వద్దు అంటాడని చూశాను. ఆయన తెగిన పోగు ఒకటి పట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఒక తెగిన పోగు అతకడానికి అంత సేపు పట్టడం నేను ఎక్కడా చూడలేదు. ఆ సమయంలో ఆయన మీద నాకు కలిగిన అసహ్యం ముందు, పావురం కోసినవాడి మీద కలిగింది ఏపాటిది.

మా అత్తే మాట్లాడాల్సి ఉంది. అదే మాట ఒకప్పుడు తనే అన్నది. నేను కండ్లు మూసుకున్నాను.

"దీంతో ఇన్నేండ్లు పోట్లాడి పోట్లాడి నాకు అలవాటైపోయింది," అంది ఆమె. "ఇప్పుడు కొత్తదాన్ని తెచ్చి మొదట్నుంచి మొదలుపెట్టేంత ఓపిక నాకు లేదు. నువ్వు కాఫీ తాగి బయల్దేరు."

చిన్నమ్మ కాఫీ తాగకుండానే బయల్దేరింది. మా ఆయన పోగు అతికి మళ్ళీ నేత మొదలుపెట్టాడు. నా కండ్లలో నీళ్ళు చెవిలోకి కారుతున్నాయి. మా అత్త దగ్గరకొచ్చి చీర చెరగుతో గట్టిగా, చర్మం మండేటట్టు తుడిచింది.

"ఊరికే సంతోషపడద్దు. పక్కకు తిరుగు," అంది.

మాట

నా మొదటి మాట ఎట్లా వచ్చిందో చెబుతాను. డాక్టర్లు చెప్పిన మాటలన్నీ ఇంట్లోవాళ్ళు నేర్పడానికి చూశారు. మా తమ్ముడు వచ్చినప్పుడల్లా అమ్మ అను, నాన్న అను అని మొహంలో మొహం పెట్టేవాడు. వాడి మొహం చూస్తే ఏ మాట వచ్చేటట్టుంటుంది.

ఒకరోజు మా వీధిలోని ఆమె ఎవరో వచ్చి కూర్చుంది. మా అత్త ఆమెతో, ఈ మహాతల్లి పెండ్లై వచ్చినప్పుడు సంగటి కెలికేది కూడా రాదమ్మా, అంతా నేనే నేర్పించినాను అని చెబుతోంది. నేను పన్నెండో ఏట నుంచి మా అమ్మగారింట్లో పదిమందికి సంగటి చేసినదాన్ని. నేను వచ్చిన మొదటి రోజు ఆమె పెట్టిన సంగటి ఉండలు కట్టి ఉంటే ఆకు కింద దాచినదాన్ని. మంచం మీద నాకు ఒళ్ళంతా వేడెక్కింది.

"అబద్దం," అన్నాను.

స్పష్టంగా వచ్చింది. నాకే నమ్మకం కలగలేదు. మగ్గాలన్నీ ఆగిపోయాయి. మా ఆయన గుంతలో నుంచి లేచి నిలబడ్డాడు. మా అత్త మాత్రం నా వైపు తిరగనైనా తిరగలేదు. ఆ వచ్చినామెతో, చూసినావా, నోరు లేస్తాంది దీనికి, అని మళ్ళీ సంగటి సంగతే ఎత్తుకుంది.

ఆ తర్వాత నుంచి రోజూ మధ్యాహ్నం నా మంచం దగ్గర కూర్చుని ఆమె చెప్పిన అబద్ధాలకు అంతు లేదు. ఎర్ర అంచుకు మామిడిపిందెల బుటా పెట్టింది తనేనని, షావుకారు నన్ను చూసి కాదు తనను చూసి పట్టు ఇచ్చేవాడని, నా పెండ్లిలో మావాళ్ళు పెట్టిన పాయసం పలచగా ఉందని. ఒక్కొక్కదానికీ నేను ఒక్కొక్క మాట పెరికి బయటికి తీయాల్సి వచ్చింది. "కాదు." "నేను." "నేను పెట్టినా." "నీకేం తెల్సు." ఆ కోపంలో ఎంత చెమట పట్టేదంటే, దిండు తడిసిపోయేది. కావాలని చెప్పిందా, నిజంగానే అట్లా అనుకుందా, నాకు తెలియదు. ఆమె చనిపోయే లోపల చాలాసార్లు అడిగాను. నేనేంటికి అబద్ధాలు చెప్తా అనేది.

చేయి సంగతీ అంతే. విత్తనం శనక్కాయల గంపను నా ఒళ్ళో పెట్టి, రెండు చేతులతో ఒలవమనేది. కుడిచేతి వేళ్ళు ఒక్క కాయను పట్టుకోవడానికే చాలాసేపు పట్టేది. పట్టుకున్నాక అది వదిలేది కాదు. కాయలు నేలంతా పడేవి. ఆమె ఒక్కటి కూడా ఏరి ఇచ్చేది కాదు. ఒలిచినంతవరకు చూసి, ఎలుకలు ఇంతకంటే బాగా ఒలుస్తాయి అనేది.

మా ఆయన గురించి ఇంత చెప్పాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఒకరోజు పొద్దున నేను లేచేసరికి ఆయన గోడకు మేకులు కొడుతున్నాడు. పాత మగ్గం కొయ్యను నున్నగా చెక్కి, నా మంచం దగ్గర నుంచి స్నానాల గది దాకా గోడపొడుగునా బిగించాడు, పట్టుకుని నడవడానికి. బిగించాక తను ఒకసారి ఎడమచేత్తో పట్టుకుని నడిచి చూశాడు. నాతో ఏమీ చెప్పలేదు. పోయి మగ్గంలో కూర్చున్నాడు. మాట్లాడలేనివాళ్ళ మీద అందరికంటే నాకే ఎక్కువ ఓపిక ఉండాలి కదా. ఆయన్ను క్షమించానని మాత్రం అనుకోకండి. ఆ తెగిన పోగు నాకింకా కనిపిస్తూనే ఉంటుంది. కానీ ఆ కొయ్య పట్టుకునే నేను నడిచాను.

2000, ముదిగుబ్బ

కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడిచే సరికి రెండేళ్ళు దాటింది. పొట్టి పొట్టి మాటలు వచ్చేవి. అప్పుడు మళ్ళీ షావుకారు అంగడికి పోయాను. మా అత్త కూడా వచ్చింది. షావుకారు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నేను ఒక మాట మొదలుపెడితే దాన్ని తను పూర్తి చేయడం మొదలుపెట్టాడు. ప్రతిసారీ తప్పే పూర్తి చేశాడు, తనకు లాభమయ్యేటట్టు. చివరికి మా అత్త విసుగుపడి బేరమంతా తనే మాట్లాడేసింది.

ఇంటికొచ్చాక నేను ఆమె మీద పడ్డాను. నా మాట నువ్వు చెప్పద్దన్నాను. నీ మాట వచ్చే లోపల వాడు అంగడి మూసుకుని ఇంటికి పోతాడు అంది. మాట తొందరగా వచ్చేది ఉంటే ఇంకేదైనా అనేదాన్నేమో. ఆ రోజు నోటికి అందింది ఒక్కటే. నేను పడిపోయిందే నీకు బాగుండాది అన్నాను. ఆమె గుడ్డసంచిలో రెండు చీరలు పెట్టుకుని ముదిగుబ్బలో కూతురింటికి పోయింది.

ఆమె పోయాక ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందంటే, ఉండలేకపోయాను. వంటకు కుదుర్చుకున్న మనిషి నాతో మెల్లగా మాట్లాడేది. మా ఆయన నా అన్నం కలిపి పెట్టేవాడు. నేలమీద చెంచా పడితే ఇద్దరూ పరిగెత్తుకొచ్చి తీసేవాళ్ళు. అందరూ మంచివాళ్ళే. నేను ఒక మాట కోసం తడుముకుంటే, ఎవరో ఒకరు ఆ మాట అందించేవాళ్ళు. కొన్నాళ్ళకు నేను తడుముకోవడం మానేశాను. ఊరికే చెయ్యి చూపిస్తే సరిపోయేది. ఒకరోజు పొద్దున నీళ్ళు కావాలని నోరు తెరిస్తే "అద్ది" అని వచ్చింది.

ఆ రోజే ఎవరికీ చెప్పకుండా బస్టాండుకు పోయి ముదిగుబ్బ మీదుగా పోయే కదిరి బస్సెక్కాను. అంటే కండక్టరు చంకల కింద చేతులు పెట్టి ఎక్కించాడు. ముదిగుబ్బలో దిగి, దారి అడుగుతూ మా ఆడబిడ్డ ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. మా అత్త గడప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి కత్తి పక్కన పెట్టింది.

"ఎవరొచ్చినారు నీతో?"

"ఎవరూ రాలా."

"బస్సెట్ల ఎక్కితివి?"

"కండక్టరు... ఎత్తినాడు."

"మూట మాదిరి?"

"ఊ."

సిగ్గులేదు అంది. నేను బస్సులో దారంతా కూర్చుకున్న మాట ఒకటుంది. అది చెప్పడానికి నిలబడ్డాను. మొదటి ముక్క వచ్చింది, రెండోది రాలేదు. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. లోపలి నుంచి ఆడబిడ్డ వచ్చి, ఏం కావాల వదినా, నీళ్ళా అని అడగబోతే, మా అత్త చెయ్యెత్తి ఆపింది. ఆమె నా నోటి వైపే చూస్తూ కూర్చుంది. ఒక్క మాట కూడా అందించలేదు. ఎంతసేపైందో తెలియదు.

"ఇంట్లో... పోట్లాడేకి... ఎవరూ లేరు," అన్నాను.

ఆమె మళ్ళీ కత్తి తీసుకుంది. మిగిలిన గింజలన్నీ తీసింది. తీశాక, వాళ్ళింటి అన్నం బాగలేదు, అయినా తిను, పొద్దున పోదాం అంది.

మర్నాడు బస్సొచ్చింది. జనం తోసుకుంటున్నారు. కండక్టరు నన్ను చూసి, రా తల్లీ అని చేతులు చాచాడు. మా అత్త ఆ చేతుల మీద ఒక్కటి కొట్టింది.

"ముట్టుకోవద్దు. అదే ఎక్కుతాది."

మెట్టు ఎత్తుగా ఉంది. కర్రను ఆమె చేతికిచ్చి, ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని ఎడమకాలు పైన పెట్టాను. కుడికాలు రాలేదు. నేలకు అతుక్కున్నట్టు ఉండిపోయింది. వెనక నుంచి ఎవరో, ఎత్తి లోపల పడేయండప్పా, టైమైతాంది అన్నారు. డ్రైవరు హారన్ కొట్టాడు. మా అత్త జనం వైపు తిరిగి, నా కర్రను అడ్డంగా పట్టుకుని, తలుపుకు అడ్డం నిలబడింది. టైము మీకేనా ఉండేది, మాకు లేదా అని ఒక్కొక్కరినీ పేరుపేరునా తెలిసినట్టు తిట్టింది. నా వైపు చూడలేదు, చెయ్యి ఇవ్వలేదు. నేను రెండోసారి లాగాను. తొడ వణికింది. మూడోసారి కాలు మెట్టు అంచుకు తగిలి, జారి, మళ్ళీ పైకొచ్చి, నిలబడింది.

నేను లోపల ఉన్నాను. బస్సులో అందరూ నన్నే చూస్తున్నారు, ఎవరూ పాపం అనలేదు. మా అత్త అప్పుడు కర్ర దించి, జనాన్ని వదిలి, నా వెనకే ఎక్కి, నన్ను పక్కకు తోసుకుంటూ ముందుకు పోయి, ఖాళీగా ఉన్న కిటికీ సీట్లో తను కూర్చుంది.

"నాకు గాలి కావాల," అంది.